పీసీపీ ఎయిర్ రైఫిల్: గాలి నింపడం, సర్దుబాటు, ఎంపిక

ప్రీచార్జ్‌డ్ న్యూమాటిక్ ఎయిర్ రైఫిల్, వాడుకలో పీసీపీ, అనేది అధిక పీడనంతో ముందే నింపి ఉంచిన గాలిని ప్రతి కాల్పుకూ కొద్దికొద్దిగా విడుదల చేసి, ఆ గాలి తోపుతో సీసపు పెల్లెట్‌ను గొట్టం గుండా పంపే తుపాకి. ఇందులో మందుగుండు ఉండదు, మంట పుట్టదు. తిరునాళ్లలో బుడగలు కాల్పించే దుకాణాల్లో కనిపించే ఎయిర్‌గన్‌లో గొట్టాన్ని వంచినప్పుడు లోపలి స్ప్రింగ్ బిగుసుకొని, మీట నొక్కగానే పిస్టన్‌ను ముందుకు తోసి అప్పటికప్పుడు గాలిని కుదిస్తుంది. పీసీపీలో ఆ కుదింపు పని తుపాకి బయట, పంపు లేదా కంప్రెసర్ ద్వారా, ముందుగానే పూర్తవుతుంది. బరువైన పిస్టన్ కదలిక లేనందువల్ల కాల్చిన క్షణంలో తుపాకి దాదాపు అదరదు. గురి నిలకడకు మూలం ఇదే. అయితే నింపడానికి వేరే పరికరం కావలసి రావడం, అధిక పీడనాన్ని భద్రంగా చూసుకోవలసి రావడం ఈ సౌలభ్యానికి చెల్లించే మూల్యం.

ఈ వ్యాసం గాలి నింపడం, సర్దుబాటు, ఎంపిక అనే మూడు అంశాలను గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాల పరిస్థితులకు అన్వయిస్తూ వివరిస్తుంది. కృష్ణా డెల్టాలోనూ తీరం వెంబడీ ఉన్న ఈ ప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల ఇక్కడ పీసీపీ ఆయుష్షును తుపాకి తయారీ ఎంతగా నిర్ణయిస్తుందో దానిలోకి ఎక్కించే గాలి నాణ్యత కూడా అంతగానే నిర్ణయిస్తుంది.

చరిత్ర

ముందే నింపిన గాలితో కాల్చే తుపాకి కొత్త ఆవిష్కరణ కాదు. బార్తొలొమేయో జిరార్డోని రూపొందించిన గాలి రైఫిల్‌ను ఆస్ట్రియా సైన్యం 1780 ప్రాంతంలో స్వీకరించింది. దాని మడమ భాగమే గాలి తొట్టి. దాన్ని విప్పి మరొకటి బిగించుకునే వీలుండేది. గొట్టం పక్కన అమర్చిన నాళికలో ఇరవైకి పైగా సీసపు గుండ్లు పట్టేవి. పొగ రాకపోవడం, వానలో తడిసినా పేలకుండా పోయే బాధ లేకపోవడం దాని బలాలు కాగా, ఒక్క తొట్టి నింపడానికి చేతి పంపును సుమారు 1500 సార్లు కొట్టవలసి రావడం, తోలు వాషర్లు ఆరిపోతే గాలి కారిపోవడం దాని బలహీనతలు. 19వ శతాబ్ది తొలి దశకాల్లోనే అది సైనిక సేవ నుంచి తప్పుకుంది. అమెరికాలో 1804–06 మధ్య సాగిన లూయిస్, క్లార్క్ అన్వేషణ యాత్రలో కూడా ఒక గాలి రైఫిల్‌ను వెంట తీసుకెళ్లారు. నింపే శ్రమ, గాలి కారడం అనే రెండు సమస్యలూ ఇప్పటికీ పీసీపీ యజమానిని వదలలేదు. కొలతలు మాత్రమే మారాయి.

ఆధునిక పీసీపీ 1980 దశకంలో బ్రిటన్‌లో రూపుదిద్దుకుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ప్రవేశించినప్పటికి పోటీ తుపాకులు స్ప్రింగ్‌తోనో, ఒక్కసారి లివర్ లాగి గాలిని కుదించే పద్ధతితోనో పనిచేసేవి. తరువాత కొంతకాలం కార్బన్ డయాక్సైడ్ తుపాకులు వాడుకలో ఉన్నా, ఉష్ణోగ్రత మారితే ఆ వాయువు పీడనం, దానితో పెల్లెట్ వేగం మారిపోయేవి కనుక వాటి స్థానాన్ని 1990 దశకం చివరికి సంపీడిత గాలి ఆక్రమించింది. భారతదేశంలో ఈ క్రీడకు విస్తృత గుర్తింపు 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా సాధించిన స్వర్ణంతో వచ్చింది. తెలుగు నేలకు సంబంధించినంతవరకు హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇదే పోటీలో కాంస్యం గెలవడం, హైదరాబాదుకే చెందిన ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిర ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలవడం ముఖ్య ఘట్టాలు.

నిర్మాణం, పనితీరు

పీసీపీలో గాలి నిలిచే భాగం గొట్టం కింద ఉండే పొడవాటి ట్యూబు కావచ్చు, మర తిప్పి విప్పదగిన సిలిండర్ కావచ్చు, పెద్ద సీసా ఆకారపు తొట్టి కావచ్చు. నింపే ద్వారం దగ్గర ఒకే దిశలో గాలిని పోనిచ్చే కవాటం, పీడనాన్ని చూపే గేజ్ ఉంటాయి. మీట నొక్కినప్పుడు స్ప్రింగ్ బలంతో ముందుకు దూకే హ్యామర్ అనే ఉక్కు దిమ్మె కవాటపు కాడను కొడుతుంది. కవాటం సెకనులో వెయ్యో వంతు స్థాయి కాలం తెరుచుకొని, లోపలి పీడనం వల్లనే తిరిగి మూసుకుంటుంది. ఆ లోపు బయటపడిన గాలి సన్నని మార్గం గుండా పెల్లెట్ వెనుకకు చేరి దాన్ని తోస్తుంది. పెల్లెట్ వేగాన్ని ప్రధానంగా నాలుగు అంశాలు నిర్ణయిస్తాయి: కవాటం వెనుక ఉన్న పీడనం, కవాటం తెరిచి ఉండే కాలం, గాలి మార్గపు వెడల్పు, గొట్టం పొడవు.

రెగ్యులేటర్ లేని తుపాకిలో తొట్టి పీడనమే నేరుగా కవాటం మీద పనిచేస్తుంది. తొట్టి పూర్తిగా నిండి ఉన్నప్పుడు ఆ పీడనం కవాటాన్ని గట్టిగా నొక్కి పట్టడంతో హ్యామర్ దాన్ని కొంచెమే తెరవగలుగుతుంది. అందువల్ల మొదటి కాల్పుల్లో వేగం తక్కువగా ఉండి, పీడనం తగ్గుతున్నకొద్దీ పెరిగి, ఒక శిఖరాన్ని అందుకొని, ఆ తరువాత పడిపోతుంది. ఎక్కువ గాలి నింపితే ఎక్కువ వేగం వస్తుందన్న నమ్మకం ఇక్కడే తప్పుతుంది. రెగ్యులేటర్ ఉన్న తుపాకిలో కప్పు ఆకారపు స్ప్రింగ్ వాషర్ల దొంతరతో పనిచేసే చిన్న పరికరం తొట్టి పీడనం 200 బార్ ఉన్నా 140 బార్ ఉన్నా కవాటానికి ఒకే పీడనాన్ని, ఉదాహరణకు 110 బార్, అందిస్తుంది. ఈ స్థిరత్వం తొట్టి పీడనం రెగ్యులేటర్ స్థాయికి దిగేవరకు కొనసాగుతుంది.

గాలి నింపడం

పీడనాన్ని బార్‌లలోనో, చదరపు అంగుళానికి పౌండ్లలోనో (పీఎస్ఐ) కొలుస్తారు. 200 బార్ అంటే సుమారు 2,900 పీఎస్ఐ. 300 బార్ అంటే సుమారు 4,350 పీఎస్ఐ. లారీ టైర్లకు గాలి కొట్టే పంక్చర్ షాపు కంప్రెసర్ ఇచ్చేది సుమారు 8 నుంచి 10 బార్‌లే కనుక ఊళ్లో ఎన్ని గాలి మిషన్లు ఉన్నా పీసీపీకి అవి పనికిరావు. వెల్డింగ్ షాపుల్లో దొరికే ఆక్సిజన్ సిలిండర్‌లో పీడనం సరిపడా ఉన్నప్పటికీ దానితో నింపడం ప్రాణాంతకం: అధిక పీడనంలోని ఆక్సిజన్ గ్రీజు, రబ్బరు వంటి పదార్థాలను క్షణంలో అంటించగలదు. పీసీపీలోకి వెళ్లదగినవి శుభ్రమైన పొడి గాలి, లేదా తయారీదారు అనుమతిస్తే నైట్రోజన్ మాత్రమే.

నింపే మార్గాలు మూడు. మొదటిది చేతి పంపు. మూడు అంచెల్లో గాలిని కుదించే ఈ పంపు విద్యుత్తు అక్కరలేనిది, చవకైనది. అయితే 200 బార్ దాటిన తరువాత ప్రతి దెబ్బకూ ఒంటి బరువంతా మోపవలసి ఉంటుంది. పంపు వేడెక్కితే గాలి కారకుండా ఆపే లోపలి రబ్బరు వలయాలు, అంటే ఓ-రింగులు, త్వరగా అరుగుతాయి కనుక యాభై దెబ్బలకొకసారి ఆపి, చల్లారనిచ్చి, అడుగున ఉన్న మర వదులు చేసి లోపల చేరిన నీటిని వదలాలి. రెండవది చిన్న విద్యుత్ కంప్రెసర్. కారు బ్యాటరీతోనో ఇంటి కరెంటుతోనో నడిచే ఈ యంత్రాలు నిమిషాల్లో 250–300 బార్‌లకు నింపగలవు, కాని వీటికి చల్లదనం, తేమ వడపోత రెండూ కావాలి. మూడవది స్కూబా డైవర్లూ అగ్నిమాపక సిబ్బందీ వాడే తరహా పెద్ద సిలిండర్ నుంచి గొట్టం ద్వారా పంచుకోవడం. 6.8 లీటర్ల సిలిండర్‌ను 300 బార్‌లకు నింపి ఉంచితే, 200 ఘన సెంటీమీటర్ల తుపాకి తొట్టిని 100 నుంచి 200 బార్‌లకు తెచ్చే నింపుళ్లు లెక్క ప్రకారం 34 వస్తాయి. 200 బార్ దాటాక గాలి ఆదర్శ వాయు సూత్రానికి కొంత దూరం జరుగుతుంది కనుక ఆచరణలో 30కి అటూఇటూ అనుకోవచ్చు. తిరిగి నింపించుకోవడానికి శ్వాస సాధనాల గాలిని నింపే కంప్రెసర్ ఉన్న చోటు అందుబాటులో ఉండాలన్నది ఈ పద్ధతికి షరతు. ఆ ఏర్పాటు దగ్గరలో లేని ఊళ్లలో పెద్ద సిలిండర్ కొనడం సొమ్మును మూలన పెట్టడమే.

తేమ సమస్య ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా లెక్కించదగినది. పై ఉదాహరణలోని తొట్టిని 100 నుంచి 200 బార్‌లకు నింపడానికి బయటి గాలి సుమారు 20 లీటర్లు కావాలి. 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో సుమారు 27 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అంటే 20 లీటర్లలో అర గ్రాముకు పైగా నీరు. కుదింపు తరువాత మిగిలే 200 ఘన సెంటీమీటర్ల చోటు ఆవిరి రూపంలో నిలుపుకోగలిగింది ఇందులో వందో వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే. మిగిలినదంతా నీటిబొట్లుగా మారుతుంది. వడపోత లేకపోతే అందులో కొంత భాగం ప్రతి నింపుడులోనూ తొట్టిలోకి చేరి, ఉక్కు ట్యూబును లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది, రెగ్యులేటర్ వాషర్ల మధ్య చేరి పీడనాన్ని అస్థిరం చేస్తుంది. 25 డిగ్రీల వద్ద, 50 శాతం తేమతో ఉండే ఏసీ గదిలో ఇదే పంపు కొడితే నీరు పావు గ్రాముకు దిగుతుంది. అందువల్ల సూర్యలంక సముద్రపు గాలి తగిలే బాపట్లలో గాని, కాలువలూ చెరువులూ చుట్టుముట్టిన రేపల్లెలో గాని వానాకాలపు సాయంత్రం ఆరుబయట నింపడం కంటే ఏసీ గదిలోనో, చలికాలపు మధ్యాహ్నమో నింపడం మేలు. పంపుకూ తుపాకికీ మధ్య సిలికా జెల్ లేదా మాలిక్యులర్ సీవ్ గుళికలు నింపిన వడపోత గొట్టం తప్పనిసరి. రంగు మారే సిలికా జెల్ వాడితే గుళికలను ఎప్పుడు మార్చాలో కంటికే తెలుస్తుంది.

నింపేటప్పుడు కవాటాన్ని మెల్లగా తెరవాలి. వేగంగా నింపితే గాలి వేడెక్కి గేజ్ ఎక్కువ చూపుతుంది, చల్లారాక పది ఇరవై బార్‌లు తగ్గుతుంది. కుట్టు మిషను నూనె, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు అధిక పీడన మార్గంలో ఎక్కడా తగలరాదు. డీజిల్ ఇంజన్‌లో ఇంధనం కుదింపు వేడికి అంటుకున్నట్టే ఇక్కడా అంటుకొని పేలుడుకు దారితీయవచ్చు. ఓ-రింగులకు సిలికోన్ గ్రీజు వాడాలి. నిండిన తుపాకిని ఎండలో నిలిపిన కారులో వదిలితే, లోపలి వేడి 30 డిగ్రీలు పెరిగినప్పుడు పీడనం పదో వంతు పెరిగి 200 బార్ కాస్తా 220కి చేరుతుంది. వాడని రోజుల్లో తొట్టిని పూర్తిగా ఖాళీ చేయకుండా 100 బార్‌ల దగ్గర ఉంచితే ఓ-రింగులు తమ గాడుల్లో కుదురుగా నిలుస్తాయి.

గాలి కారుతున్నదని అనుమానం వస్తే కీళ్ల మీద సబ్బు నురుగు రాసి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూడడం పాత పద్ధతే అయినా నేటికీ నమ్మదగినది. ఓ-రింగు అరిగితే అదే కొలతది ట్రాక్టర్ హైడ్రాలిక్ సామాను అమ్మే దుకాణంలో దొరకవచ్చు, కాని దాని గట్టిదనం తుపాకి తయారీదారు చెప్పినదానితో సరిపోవాలి. లేత్ మీద స్థానికంగా తిప్పించిన ట్యూబు, మూత, కవాటపు దిమ్మె వంటి పీడనం మోసే భాగాలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ బిగించరాదు.

సర్దుబాటు

సర్దుబాటు అంటే తుపాకి బలాన్ని పెంచడం కాదు. ఒక కాల్పుకూ మరొక కాల్పుకూ మధ్య వేగపు తేడాను తగ్గించడం. దీనికి పెల్లెట్ వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ కావాలి. అది లేకుండా మరలు తిప్పడం గుడ్డి పనే అవుతుంది.

రెగ్యులేటర్ లేని తుపాకిని గరిష్ఠ పీడనానికి నింపి, ప్రతి కాల్పు వేగాన్నీ వరుసగా రాసుకుంటూ పోతే పైన చెప్పిన గుట్ట ఆకారపు రేఖ కాగితం మీద కనిపిస్తుంది. శిఖరానికి ఇరువైపులా వేగం పెద్దగా మారని మేరను గుర్తించి, ఆ మేర మొదలయ్యే పీడనం 180 బార్ అయితే ఇకపై అంతవరకే నింపి, అది ముగిసే 130 దగ్గర తిరిగి నింపడం సరైన పద్ధతి. చిన్న గేజ్‌లు కొన్ని బార్‌లు తేడాగా చూపడం సాధారణం కనుక ఈ అంకెలు ఆ తుపాకికి, ఆ గేజ్‌కే చెల్లుతాయి.

రెగ్యులేటర్ ఉన్న తుపాకిలో రెగ్యులేటర్ పీడనానికీ హ్యామర్ స్ప్రింగ్ బిగువుకూ పొత్తు కుదర్చాలి. రెగ్యులేటర్‌ను ఒక స్థాయిలో నిలిపి, హ్యామర్ స్ప్రింగ్‌ను పావు మర చొప్పున బిగిస్తూ పోతే వేగం పెరిగి ఒకచోట ఆగిపోతుంది. ఆ తరువాత ఎంత బిగించినా పెరిగేది గాలి ఖర్చూ శబ్దమూ మాత్రమే. ఆ గరిష్ఠ వేగం నుంచి మూడు నుంచి ఐదు శాతం తగ్గే వరకు స్ప్రింగ్‌ను వదులు చేసిన చోటు సాధారణంగా ఉత్తమ స్థానం. పది కాల్పుల మధ్య తేడా సెకనుకు మూడు మీటర్లలోపు ఉంటే సర్దుబాటు కుదిరినట్టే. తుపాకిని కొంతసేపు పక్కన పెట్టి కాల్చిన మొదటి పెల్లెట్ ప్రతిసారీ మిగిలినవాటి కంటే వేగంగా పోతుంటే, రెగ్యులేటర్ పూర్తిగా మూసుకోక పీడనం మెల్లగా పైకి పాకుతున్నదని అర్థం. తేమ, చెత్త చేరిన రెగ్యులేటర్లలో ఈ లోపం తరచు కనిపిస్తుంది. రెగ్యులేటర్ విప్పే ముందు తొట్టిలోని గాలినంతా వదలడం ప్రాథమిక నియమం.

పెల్లెట్ ఎంపిక కూడా సర్దుబాటులో భాగమే. 10 మీటర్ల కాగితపు లక్ష్యానికి తల చదునుగా ఉండి గుండ్రని రంధ్రం కోసే పెల్లెట్, అంతకు మించిన దూరానికి గుండ్రని తల పెల్లెట్ వాడతారు. తల వ్యాసంలో 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల వంటి స్వల్ప తేడాలతో ఇవి లభిస్తాయి. ఏది సరిపోతుందో ఆ గొట్టమే చెప్పాలి.

ఎంపిక

పీసీపీని ఎంచుకోవడం నింపే ఏర్పాటుతో మొదలు కావాలి. చేతి పంపు మీద ఆధారపడేవారికి 200 బార్‌లతో పనిచేసే చిన్న తొట్టి, రెగ్యులేటర్ ఉన్న తుపాకి అనువైనది. 300 బార్‌ల పెద్ద సీసా తొట్టి కాగితం మీద ఎన్ని ఎక్కువ కాల్పులు చూపినా పంపు కొట్టే మనిషికి అది భారమే. తరువాత చూడవలసింది ప్రయోజనం. 10 మీటర్ల పోటీ తుపాకి పెల్లెట్‌ను సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో, ఏడెనిమిది జౌళ్ల శక్తితో మాత్రమే పంపుతుంది, 45.5 మిల్లీమీటర్ల లక్ష్యపు నడుమ అర మిల్లీమీటరు చుక్కగా ఉండే పది పాయింట్ల వలయాన్ని కొట్టడానికి బలం కాక నిలకడ, మీట తేలికదనం, మడమ భాగం ఒంటికి సరిపోవడం ముఖ్యం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఈ తుపాకి బరువు 5.5 కిలోలు మించరాదు; అర్హత పోటీలో 60 కాల్పులు ఉంటాయి కనుక ఒక్క నింపుడుతో పోటీ అంతా పూర్తి కావడం సాధారణమే. పెరటిలో 20–25 మీటర్ల దూరానికి సాధన చేసేవారికి ఎక్కువ శక్తి గల తుపాకి నప్పుతుంది, కాని డెల్టాలో మధ్యాహ్నం మొదలయ్యే సముద్రపు గాలి తేలికైన పెల్లెట్‌ను పక్కకు తోస్తుందన్నది గుర్తుంచుకోవాలి.

దేశీయ తయారీలో మహారాష్ట్రకు చెందిన ప్రెసిహోల్ స్పోర్ట్స్ వంటి సంస్థలు పీసీపీలను అందిస్తున్నాయి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఆన్‌షుట్జ్ వంటి జర్మన్ పోటీ తుపాకులను ప్రధానంగా పోటీ క్రీడాకారులే తెప్పించుకుంటారు. ఆ దారి జిల్లా, రాష్ట్ర రైఫిల్ సంఘాల ద్వారా, 1951లో ఏర్పడిన భారత జాతీయ రైఫిల్ సంఘం వరకు సాగుతుంది. ఓ-రింగుల సంచి, కవాటపు సీటు, నింపే ప్రోబు వంటి విడిభాగాలు తపాలాలో దొరుకుతాయా లేదా అన్నది చిన్న పట్టణాల కొనుగోలుదారుకు పేరున్న బ్రాండ్ కంటే పెద్ద ప్రశ్న. పాత తుపాకి కొనేటప్పుడు సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడాలి. పోటీ తుపాకుల సిలిండర్లకు తయారీదారులు సాధారణంగా పదేళ్ల గడువు పెడతారు, గడువు దాటినదాన్ని పోటీలో వాడనివ్వరు. తీరప్రాంతంలో వాడిన ఉక్కు ట్యూబు తుపాకి అయితే నింపే ద్వారం దగ్గర ఎర్రటి తుప్పు మరక ఉన్నదేమో వెలుగులో పరీక్షించాలి. అది ఉంటే బేరం వద్దు.

చట్టం, రక్షణ

ఆయుధ నిబంధనలు, 2016 ప్రకారం గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు, అంటే 0.177 అంగుళానికి మించకుండా, పెల్లెట్ శక్తి 20 జౌళ్లకు మించకుండా ఉన్న గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. 0.54 గ్రాముల పెల్లెట్‌కు ఈ పరిమితి సెకనుకు సుమారు 272 మీటర్ల వేగం వద్ద వస్తుంది. బరువైన పెల్లెట్ వాడితే అంతకంటే తక్కువ వేగం దగ్గరే పరిమితి దాటవచ్చు. అందువల్ల హ్యామర్ స్ప్రింగ్ మార్చడమో రెగ్యులేటర్ పెంచడమో చేసినవారు తమకు తెలియకుండానే లైసెన్సు కావలసిన ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకున్నవారు కావచ్చు. 5.5 మిల్లీమీటర్ల తుపాకి ఈ మినహాయింపులోకి రాదు. అర లీటరు మించిన సంపీడిత వాయు సిలిండర్లు గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, 2016 పరిధిలోకి వస్తాయి; నాగపూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ వీటి ఆమోదాన్ని, కాలానుగుణ పరీక్షలను పర్యవేక్షిస్తుంది.

ఇంట్లో సాధనకు పది మీటర్ల పొడవున్న వసారా చాలు. లక్ష్యం వెనుక పెల్లెట్‌ను పట్టి ఉంచే ఇనుప పెట్టె, దాని వెనుక గోడ, మధ్యలో ఎవరూ అడుగుపెట్టలేని దారి ఉండాలి. కంటి అద్దాలు పెట్టుకోవాలి, సీసం ముట్టుకున్న చేతులను తినేముందు కడుక్కోవాలి.

రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల, చేపల చెరువుల మీద వాలే నీటికాకులు, కొంగల వల్ల రైతుకు నష్టం ఉన్న మాట నిజమే. అయినా ఈ పక్షులు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణలో ఉన్నాయి. వాటిని తరమడానికి చెరువు మీద వల కట్టడం, మెరిసే రిబ్బన్లు లాగడం, చప్పుడు చేయడం వంటి మార్గాలే మిగులుతాయి. తుపాకికి లైసెన్సు అక్కరలేకపోయినా దానితో రక్షిత పక్షిని కాల్చడం నేరమే.